చేతిలోని ఫోన్: పొలానికి అడ్రస్, పైసలకు కంచె



ఈసారి పాఠం జీవామృతం మీద కాదు, కషాయాల మీద కాదు. మన జేబులో ఉండే ఫోన్ మీద. పై వీడియోలో సెట్టింగులు ఒక్కొక్కటి నొక్కి చూపించిన. అవి ఎందుకు పెట్టుకోవాలి, ఎక్కడ జాగ్రత్త పడాలి అన్నది ఇక్కడ రాస్తున్న. ఫోన్ చేతిలో పట్టుకొని చదవండి. ఒక్క పూటలో అన్నీ చేయాల్సిన పని లేదు. రోజుకొకటి చేసినా పది రోజుల్లో అయిపోతది.

మా భీమ్‌గల్ చుట్టుపక్కల గల్ఫ్‌కు పోయిన మనిషి లేని వాడకట్టు దొరకదు. కొడుకో, భర్తో వచ్చేటప్పుడు మంచి ఫోన్ తెస్తరు, లేకుంటే పైసలు పంపి కొనిపిస్తరు. ఇంటి దగ్గర ఎవుసం చూసుకునే అక్కల చేతుల్లో కూడా పదిహేను, ఇరవై వేల ఫోన్ ఉంది. అందులో వాడేది మాత్రం మూడే: వీడియో కాల్, యూట్యూబ్, ఫోన్‌పే. మిగతాదంతా ఇంగ్లిష్‌లో ఉందని ముట్టుకోరు. సెట్టింగ్స్ ముట్టుకుంటే ఏమన్నా అయితదని భయం. కానీ వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫైల్‌ను మాత్రం భయం లేకుండా నొక్కుతరు! నిజానికి భయపడాల్సింది దానికి.

ప్రకృతి వ్యవసాయంలో మనం మొదట నేర్చుకున్నదేంది? బయటి నుంచి కొని తెచ్చేది తగ్గించు, పొలంలో ఉన్నది వాడుకో. ఫోన్‌కు కూడా అదే లెక్క పెట్టుకోండి. మనకు కావాల్సిన వాటిలో ఎక్కువ భాగం ఫోన్‌లో కంపెనీ ఇచ్చినప్పుడే ఉంది. బయటి నుంచి వచ్చే ప్రతి కొత్త ఫైల్‌ను అనుమానంగా చూడాలి.

ముందు ఒక చిన్న పని. ఇంగ్లిష్ రాకపోతే సెట్టింగ్స్‌లో లాంగ్వేజెస్‌కు పోయి తెలుగు పెట్టుకోవచ్చు. నా మట్టుకు ఆ తెలుగు మాటలు కొన్ని పుస్తకాల భాషలా ఉంటయి, ఇంకా తికమక పెడతయి. అందుకని ఫోన్ ఏ భాషలో ఉన్నా, కీబోర్డ్‌లో తెలుగు చేర్చుకొని మైక్ గుర్తు నొక్కి మాట్లాడటం నేర్చుకోండి. మన యాసలో చెప్పినా చాలావరకు రాస్తది. యూట్యూబ్‌లో వెతకాలన్నా, పద్దు రాసుకోవాలన్నా ఇదొక్కటి వస్తే సగం పని అయినట్టే.

పొలానికి అడ్రస్ పెట్టడం

మన ఇంటికి నంబర్ ఉంది. పొలానికి సర్వే నంబర్ ఉంది. కానీ సర్వే నంబర్ చెప్తే ఆటో రాదు, అంబులెన్స్ రాదు, హైదరాబాద్ నుంచి పసుపు కొనడానికి వచ్చే మనిషి రాడు. 44వ నంబర్ హైవే దిగి వచ్చినాయన "అన్నా, ఎక్కడికి రావాలె" అని పదిసార్లు ఫోన్ చేస్తడు. మనం "చింతచెట్టు దగ్గర ఎడమకు, కాలువ దాటినంక బండ్ల బాట" అని చెప్తం. ఆయనకు చింతచెట్టుకూ కానుగ చెట్టుకూ తేడా తెలిస్తే గదా!

గూగుల్ మ్యాప్స్‌లో దీనికి మంచి ఉపాయం ఉంది. దాన్ని ప్లస్ కోడ్ అంటరు. భూమి మొత్తాన్ని చిన్న చిన్న గళ్లుగా కోసి, ఒక్కో గడికి ఒక్కో కోడ్ ఇచ్చిండ్రు. ఒక గడి సుమారు 14 మీటర్ల పొడవు, 14 మీటర్ల వెడల్పు. అంటే మీ బోరు ఒక గడిలో, కల్లం ఇంకో గడిలో పడతయి. మామూలుగా మ్యాప్‌లో కనిపించేది చిన్న కోడ్: నాలుగు అక్షరాలు, ఒక ప్లస్ గుర్తు, తర్వాత రెండు మూడు అక్షరాలు, పక్కన ఊరి పేరు. సున్నా, ఒకటి లాంటివి ఇందులో ఉండవు, ఓ అనే అక్షరం అనుకొని పొరపాటు పడతరని ముందే తీసేసిండ్రు. దీనికి రిజిస్ట్రేషన్ లేదు, పైసలు లేవు.

ఎట్ల తీయాలంటే, పొలంలో బోరు దగ్గర నిలబడి లొకేషన్ ఆన్ చేసి మ్యాప్స్ తెరవండి. నీలం చుక్క మీ మీదికి వచ్చేదాకా ఆగండి. ఆ చుక్క చుట్టూ లేత నీలం వలయం పెద్దగా ఉంటే ఇంకా సరిగ్గా దొరకలేదని అర్థం. చెట్టు కింది నుంచి బయటికి వచ్చి ఆకాశం కనిపించేచోట నిలబడితే వలయం చిన్నగైతది. అప్పుడు ఆ జాగా మీద వేలు నొక్కి పట్టండి. ఎర్ర గుర్తు పడుతుంది. కింద పేజీని పైకి జరిపితే ప్లస్ కోడ్ కనిపిస్తది. దాన్ని సేవ్ చేసి "మా పొలం" అని పేరు పెట్టండి. ఒక కాగితం మీద కూడా పెద్ద అక్షరాలతో రాసి స్టార్టర్ డబ్బా తలుపు లోపల అంటించండి. ఫోన్‌లో ఛార్జింగ్ లేనప్పుడు, పక్క పొలం వాళ్ల ఫోన్‌తో చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ కాగితమే దిక్కు.

బండ్ల బాట మీద మ్యాప్స్‌ను గుడ్డిగా నమ్మొద్దు. మ్యాప్‌లో గీత ఉన్నంత మాత్రాన కారు పోదు. వానకాలంలో మా దిక్కు ఎన్నో బాటలు బురదయితయి. అందుకని కొనడానికి వచ్చేవాళ్లకు నేను రెండు గుర్తులు పంపుతా: కారు ఆపాల్సిన రోడ్డు మీది చోటు ఒకటి, పొలం ఒకటి. మొదటి దాకా మ్యాప్స్, అక్కడి నుంచి మనిషి.

సిగ్నల్ సంగతి. గుట్టల చాటున నెట్ పోతది, లింబాద్రి గుట్ట జాతర లాంటి రోజుల్లో జనం ఎక్కువై నెట్ తిరుగుతనే ఉంటది. నెట్ పోతే జీపీఎస్ కూడా పోతదని చాలామంది అనుకుంటరు. అట్ల కాదు. జీపీఎస్ అంటే మన ఫోన్ ఉపగ్రహాలు పంపేది వినడమే, తిరిగి పంపేది ఏమీ లేదు, దానికి డేటా అక్కర్లేదు. డేటా కావాల్సింది మ్యాప్ బొమ్మకు. ఆ బొమ్మను ముందే దించి పెట్టుకుంటే సరి. మ్యాప్స్‌లో పైన మీ ఫొటో నొక్కితే ఆఫ్‌లైన్ మ్యాప్స్ అని ఉంటది. భీమ్‌గల్, ఆర్మూర్, నిజామాబాద్, బోధన్ వచ్చేటట్టు డబ్బాను లాగి దించుకోండి. నెట్ లేకున్నా బండి దారి చూపిస్తది. ట్రాఫిక్ మాత్రం చెప్పదు. మొదటిసారి చుక్క దొరకడానికి జర ఎక్కువసేపు పట్టొచ్చు, అంతే.

ఇంకో పని కూడా దీంతో అయితది. మనకు కావాల్సినవి ఒక్కచోట దొరకవు. మందు కొట్టని చెరుకుతో బెల్లం వండేవాళ్లు, కట్టె గానుగ, దేశీ ఆవులున్న ఇల్లు, తలా ఒక దిక్కు ఉంటయి. బోధన్‌లో శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డది. జీవామృతానికి నల్లబెల్లం ఎక్కడ దొరుకుతదని ఇప్పుడు అడిగి తెలుసుకోవాల్సిందే. పోయిన ప్రతిచోటా మ్యాప్స్‌లో సేవ్ కొట్టి, "బెల్లం", "గానుగ" అని జాబితాలు చేసుకోండి. ఆ జాబితాను మీ గుంపులో ఉన్న రైతులకు లింక్‌గా పంపొచ్చు.

రాత్రి పొలంలో ఆపద

పసుపు చేను మోకాళ్లు దాటి పెరిగినంక అందులో ఏమున్నదో కనిపించదు. మనం మల్చింగ్ చేస్తం, ఆకు కప్పుతం. ఎలుకలకు అది ఇల్లు, ఎలుకల వెనక పాము వస్తది. కాబట్టి ఈ భాగం జర నెమ్మదిగా చదవండి.

2017 నుంచి మన దేశంలో అమ్మే ప్రతి ఫోన్‌లో ఆపద బటన్ ఉండాలని సర్కారు నిబంధన పెట్టింది. మామూలు బటన్ల ఫోన్‌లో 5 గానీ 9 గానీ నొక్కి పట్టాలి, స్మార్ట్ ఫోన్‌లో పవర్ బటన్ వెంటవెంటనే నొక్కాలి. 112కు పోతది. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లో సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ అని ఉంటది, అందులో ఎమర్జెన్సీ ఎస్ఓఎస్. ఆన్ చేసుకుంటే పవర్ బటన్ ఐదుసార్లు నొక్కగానే పని మొదలైతది. ఇంటి వాళ్ల నంబర్లు ముందే పెట్టుకుంటే మీరున్న చోటును వాళ్లకు మెసేజ్‌గా పంపుతది. కంపెనీని బట్టి పేర్లు, ఎన్నిసార్లు నొక్కాలన్నది కొంచెం మారతయి. మీ ఫోన్‌లో ఎట్లున్నదో ఇయ్యాలనే చూసుకోండి. అదే చోట ఎమర్జెన్సీ సమాచారంలో రక్తం గ్రూపు, షుగర్, బీపీ ఉంటే అది, ఇంటి నంబర్ రాయండి. ఫోన్ లాక్ ఉన్నా వేరేవాళ్లు దాన్ని చూడొచ్చు.

పాము కరిస్తే 108కి కొట్టండి. వాళ్లు మండలం, ఊరు, దగ్గరి గుర్తు అడుగుతరు. ప్లస్ కోడ్ చెప్పినా, గుర్తు కూడా చెప్పండి, కోడ్ అందరికీ అలవాటు లేదు. ఒకరిని బ్యాటరీ లైటుతో మెయిన్ రోడ్డు మీదికి పంపండి. వాట్సాప్‌లో ఇంటి వాళ్లకు లైవ్ లొకేషన్ పెట్టండి: పావుగంట, గంట, ఎనిమిది గంటలు అని మూడు ఉంటయి, ఎనిమిది గంటలది నొక్కండి. కరెంట్ లొకేషన్ అన్నది ఆ క్షణంలో మీరున్న చోటు మాత్రమే, మీరు బండి ఎక్కి కదిలినంక అది పనికిరాదు. కరిచిన కాలు కదలకుండా ఉంచాలి, కట్టె, పట్టీలు, ఉంగరాలు తీసేయాలి. కోయొద్దు, నోటితో గుంజొద్దు, తాడుతో గట్టిగా బిగించొద్దు. పామును ఫొటో తీద్దామని దాని వెంట పడొద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ దవాఖానలో ఇచ్చే మందు ఒకటే. ఇంకో మాట కూడా చెప్తా, ఎవరికి కోపం వచ్చినా సరే. పంటకు కషాయం వేరు, పాముకాటు వేరు. ఏ ఆకు పసరూ పాము విషాన్ని విరవదు. విషానికి విరుగుడు ఇంజక్షన్ ఉండే సర్కారు దవాఖాన మీకు దగ్గరలో ఏదో ముందే కనుక్కొని, ఆ నంబర్ సేవ్ చేసి పెట్టుకోండి.

పిడుగులకు దామిని అనే యాప్ ఉంది. పుణెలోని ఐఐటీఎం అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ చేసింది. మీరున్న చోటు చుట్టూ 20, 40 కిలోమీటర్ల లోపల పిడుగులు పడుతున్నయా చూపిస్తది. వానకాలం మొదట్లో, మబ్బు పట్టినప్పుడు ఒకసారి చూస్తే చాలు. చూపించిందంటే చెట్టు కిందికి కాదు, ఇంట్లకు. మేఘదూత్ అని ఇంకోటి ఉంది, వాతావరణ శాఖది, 2019లో వచ్చింది. మంగళవారం, శుక్రవారం జిల్లాకు సలహా ఇస్తది. అందులో రసాయన మందుల సలహా కూడా ఉంటది, అది వదిలేసి వాన, గాలి, తేమ చూసుకోండి. కషాయం ఏ రోజు కొట్టాలో తెలుస్తది.

మొబైల్ స్టార్టర్ పెట్టుకున్నవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. డబ్బాలో సిమ్ ఉంటది, ఇంట్ల కూసుండి కాల్ చేస్తే మోటారు నడుస్తది. మంచి వసతే. కానీ ఇంటి దగ్గర పిల్లగాడు ఫోన్‌లో ఆన్ చేసే టైముకు, ఇక్కడ మీరు వైరు సరిచేస్తూ ఉంటే? మోటారు ముట్టుకునే ముందు ఫ్యూజులు గుంజి జేబులో వేసుకోండి, ఫోన్ చేసి చెప్పిన అన్నది సరిపోదు. డబ్బాలో ఏ నంబర్లకు అనుమతి ఉందో కూడా ఏడాదికొకసారి చూడండి. పాత జీతగాడి నంబర్, అమ్మేసిన సిమ్ నంబర్ ఇంకా అందులోనే ఉంటయి.

ఆ ఫైల్ ఎందుకు నొక్కొద్దు

ఇక అసలు సంగతి. "పీఎం కిసాన్" అని పేరు పెట్టి వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫైల్ తిరుగుతది. పేరు చివర ఏపీకే అని ఉంటది. కొన్నిసార్లు రైతు భరోసా పేరు మీద, కొన్నిసార్లు బండి చలాన్ అని, పెళ్లి పత్రిక అని కూడా వస్తది. తెలంగాణలో పోలీసులు దీని మీద ఎన్నోసార్లు హెచ్చరించిండ్రు. అయినా జనం నొక్కుతనే ఉన్నరు. ఎందుకంటే అది తెలియని నంబర్ నుంచి రాదు. మన మేనమామ నంబర్ నుంచి వస్తది, మన రైతు గ్రూపు అడ్మిన్ నుంచి వస్తది.

ఎట్లంటే, ఏపీకే అంటే యాప్‌ను ఫోన్‌లో ఎక్కించే ఫైల్. ప్లే స్టోర్ తలుపు నుంచి కాకుండా పెరటి గోడ దూకి వచ్చే యాప్ అన్నట్టు. ఎక్కగానే "మెసేజ్‌లు చదవనియ్యి" అని అడుగుతది, మనం అలౌ నొక్కుతం. ఇక బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ మన కంటే ముందు దొంగకు పోతది. అదే యాప్ మన వాట్సాప్ నుంచి అదే ఫైల్‌ను మన వాళ్లందరికీ పంపుతది. మేనమామ పంపలేదు, మేనమామ ఫోన్ పంపింది. అందుకే "తెలిసినాయన పంపిండు" అన్నది ఇక్కడ భరోసా కాదు.

పీఎం కిసాన్ కింద ఏడాదికి వచ్చేది 6,000 రూపాయలు. ఆ ఆశకు నొక్కితే, మార్చిలో నిజామాబాద్ యార్డులో పసుపు అమ్మి వేసుకున్న పైసలన్నీ పోయే ప్రమాదం ఉంది. లెక్క మీరే వేసుకోండి. పీఎం కిసాన్‌కు నిజంగానే యాప్ ఉంది, ముఖం చూపించి ఈ-కేవైసీ కూడా చేయొచ్చు. కానీ అది ప్లే స్టోర్‌లోనే దొరుకుతది, వాట్సాప్‌లో తిరగదు. ఏ సర్కారు పథకం కూడా ఏపీకే ఫైల్ పంపి పైసలు ఇయ్యదు.

కంచె వేయడం ఇట్ల. సెట్టింగ్స్ తెరిచి పైన వెతికే చోట "అన్‌నోన్ యాప్స్" అని కొట్టండి. ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్ అని వస్తది. అందులో వాట్సాప్, క్రోమ్, ఫైల్స్, టెలిగ్రామ్, అన్నిటికీ నాట్ అలౌడ్ ఉండాలి. ఎక్కడన్నా అలౌడ్ ఉంటే తీసేయండి. రెండోది, ప్లే స్టోర్‌లో మీ ఫొటో నొక్కి ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉందా చూడండి. మూడోది, వాట్సాప్ సెట్టింగ్స్‌లో ఫొటోలు, ఫైళ్లు వాటంతట అవే దిగకుండా ఆపండి. ఇంట్ల పెద్దమనుషుల ఫోన్‌లో ఈ మూడూ మీరే చేయండి. వాళ్లకు చెప్పి ఊరుకుంటే కాదు.

ఎవరన్నా ఇప్పటికే నొక్కి ఉంటే? తిట్టుకుంటూ కూర్చోవద్దు. వెంటనే ఏరోప్లేన్ మోడ్ పెట్టండి, వైఫై కూడా ఆఫ్ చేయండి. దాంతో ఆ ఫోన్ నుంచి దొంగకు ఓటీపీలు పోవు. ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు కొట్టి ఖాతా ఆపించండి. పైసలు పోయి ఉంటే 1930కి కొట్టండి, అది సైబర్ మోసాల కోసమే పెట్టిన నంబర్. ఎంత జల్దీ కొడితే అంత మంచిది. పైసలు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దాటిపోతూ ఉంటయి, ఏ ఖాతాలో ఉన్నప్పుడు దొరికితే అక్కడ ఆపుతరు. "పొద్దున స్టేషన్‌కు పోదాం" అని ఆగితే ఏటీఎంలో తీసేస్తరు. ఫిర్యాదు అయినంక ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి, ముందుగా ఫొటోలు మాత్రం తీసుకొని పెట్టుకోండి.

పైసల కంచె

నేరుగా అమ్ముకునే మనలాంటోళ్లకు ఇంకో వల ఉంది. పసుపు పొడి, బియ్యం ఫొటోలు నంబర్‌తో సహా పెడతం గదా. ఒకాయన ఫోన్ చేసి ఆర్మీ నుంచి అంటడు, క్యాంటీన్‌కు క్వింటాల్ పసుపు కావాలంటడు, ధర కూడా బేరం చేయడు. బేరం చేయని కొనుగోలుదారు దొరికిండంటే అక్కడే ఆగాలి, నా అనుభవంలో నిజమైన గిరాకీ పది రూపాయలకన్నా గుంజుతడు. ఐడీ కార్డు ఫొటో పంపుతడు. తర్వాత "అడ్వాన్స్ వేస్తున్న, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టు" అంటడు. ఇక్కడ ఒక్కటి గుర్తుంటే చాలు: పైసలు రావడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ అక్కర్లేదు. పిన్ కొట్టినమంటే మనమే ఇస్తున్నట్టు. "తప్పుగా ఎక్కువ పంపిన, తిరిగి వెయ్యి" అని మెసేజ్ చూపిస్తే, మెసేజ్ కాదు, బ్యాంకు ఖాతాలో నిల్వ చూడండి.

నేను అందరికీ చెప్పే పని ఒకటుంది, యాప్‌లు ఏవీ అక్కర్లేని పని. పంట పైసలు పడే ఖాతా వేరు, ఫోన్‌పే, గూగుల్‌పేకు కట్టిన ఖాతా వేరు పెట్టుకోండి. రెండో దాంట్ల ఐదారు వేలకు మించి ఉంచకండి. విత్తనాలన్నీ ఒకే గాదెలో పోయం కదా, ఎలుక పడితే అన్నీ పోతయని. పంట ఖాతాకు ఏటీఎం కార్డు కూడా లేకుంటే ఇంకా మేలు.

వేలిముద్ర సంగతి చాలామందికి తెలియదు. ఆధార్, వేలిముద్రతో మినీ బ్యాంకు దగ్గర పైసలు తీసే పద్ధతి ఉంది. నకిలీ వేలిముద్రలు చేసి తీసిన కేసులు మన దగ్గర బయటపడ్డయి. ఎం-ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ ఉంది, పెట్టుకోండి. రేషన్ దుకాణానికి పోయే రోజు మాత్రం ముందే తీయాలి, లేకుంటే వేలు పెట్టినా మిషన్ తీసుకోదు, లైన్‌లో వెనకోళ్లు కోపానికొస్తరు.

ఎవరన్నా ఫోన్‌లో నక్షత్రం గుర్తు, అంకెలు చెప్పి "ఇది కొట్టు" అంటే కొట్టొద్దు, మన కాల్స్ వాళ్ల నంబర్‌కు మళ్లేటట్టు చేసే కోడ్ అయి ఉండొచ్చు. అనుమానం ఉంటే ##002# కొడితే అన్ని మళ్లింపులూ రద్దయితయి.

ఫోన్ పోతే

యార్డులో బస్తాల మధ్య, జాతరలో, బస్సులో ఫోన్ పోవడం మామూలే. *#06# కొడితే ఐఎంఈఐ నంబర్ వస్తది, పదిహేను అంకెలు. రెండు సిమ్‌ల ఫోన్‌కు రెండు వస్తయి. పాస్‌బుక్కు వెనక రాసి పెట్టండి. ఫోన్ పోతే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, అదే నంబర్‌తో కొత్త సిమ్ తీసుకొని, సంచార్ సాథీలో ఐఎంఈఐ బ్లాక్ చేయించొచ్చు. 2023 మే నుంచి దేశమంతా ఇది నడుస్తున్నది. దొరికిన ఫోన్లను పిలిచి ఇస్తున్న వార్తలు మన జిల్లా పేపర్లలో చూస్తనే ఉన్నం. అదే సంచార్ సాథీలో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నయో కూడా చూడొచ్చు. ఒకసారి చూడండి, ఆశ్చర్యపోతరు.

ఫోన్‌కు లాక్ పెడతం, సిమ్‌కు పెట్టం. దొంగ సిమ్ తీసి తన ఫోన్‌లో వేసుకుంటే ఓటీపీలన్నీ అతనికే. సెట్టింగ్స్‌లో సిమ్ లాక్ అని ఉంటది, కానీ మొదట ఉండే పిన్ ఎంతో మీ కంపెనీ కస్టమర్ కేర్‌ను అడిగి తెలుసుకొనే మార్చండి. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ బిగుసుకుపోతది, అప్పుడు పీయూకే నంబర్ కావాలి.

తడిసిన ఫోన్‌ను బియ్యంలో పెట్టొద్దు. బియ్యం దుమ్ము, పిండి ఛార్జింగ్ రంధ్రంలోకి పోతయి. ఆఫ్ చేసి, తుడిచి, నీడలో గాలికి పెట్టండి. పసుపు మర పట్టించే దగ్గర కూడా ఫోన్‌ను సంచిలోనే ఉంచండి, ఆ పొడి రంధ్రంలో కూసుంటే ఛార్జింగ్ ఎక్కదు.

కొలత, ఫొటో, పురుగు

పొలం చుట్టూ నడిస్తే విస్తీర్ణం చెప్పే యాప్‌లున్నయి. విత్తనం లెక్క, ఘన జీవామృతం లెక్క వేసుకోవడానికి మంచిగ పనికొస్తయి. కానీ గెట్టు పంచాయితీకి తీసుకుపోవద్దు. ఎందుకో లెక్క చూడండి. ఎకరం అంటే 40 గుంటలు, సుమారు 4,047 చదరపు మీటర్లు. పది గుంటల మడి అంటే సుమారు 32 మీటర్ల చదరం. ఫోన్ మూడు మీటర్లు ఎక్కువ చూపిస్తే 35 మీటర్లయి, 12 గుంటలకు పోతది. ఐదో వంతు తేడా. అదే నాలుగెకరాల చెలకకు 127 మీటర్లు 130 అయితే ఏడు గుంటలే తేడా, నూటికి నాలుగు. చేను పెద్దగున్నకొద్దీ ఫోన్ లెక్క నమ్మొచ్చు, మడి చిన్నగున్నకొద్దీ టేపు పట్టాలి. గెట్టు తగాదాకు సర్వేయరే.

పీజీఎస్ సర్టిఫికెట్‌కు గుంపులో చేరినవాళ్లు, తోటి రైతులు వచ్చి తనిఖీ చేసేటప్పుడు చూపించడానికి ఫొటోలు తీసి పెట్టుకోండి. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆన్ చేస్తే తేదీ, చోటు ఫొటోలోనే ఉంటయి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఆ వివరం ఊడిపోతది, డాక్యుమెంట్‌గా పంపితే ఉంటది. సర్టిఫికెట్ కోసం డాక్యుమెంట్‌గా, పరాయివాళ్లకు మామూలు ఫొటోగా. ఇంట్ల పిల్లల ఫొటోలకు మాత్రం ఆ ట్యాగ్ వద్దు.

జీవామృతం కలిపిన రోజు క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టండి: 48 గంటల తర్వాత వాడకం, పదిహేను రోజులకొకసారి రిపీట్. పొద్దున, మాపున కలియబెట్టడానికి రెండు అలారాలు. చాలా చిన్న సంగతి. కానీ కలిపి మర్చిపోయి పారబోసిన డ్రమ్ములు మన ఊళ్లల్ల తక్కువేం లేవు.

చివరిగా గూగుల్ లెన్స్. పురుగును ఫొటో తీస్తే పేరు చెప్తది. పేరు వరకు సరే, అదీ అన్నిసార్లు కాదు. దాని కింద వచ్చే మందుల పేర్లు చూడకండి. పోయిన నెల ఒక అక్క బొబ్బెర చేనులో పురుగు ఫొటో పంపింది: నల్లగా, పొడుగ్గా, వీపు మీద నారింజ మచ్చలు, చిన్న మొసలిపిల్ల లాగ. ఫోన్ ఏదో పురుగు పేరు చెప్పిందట, వేప కషాయం కొట్టాలా అని అడిగింది. అది అక్షింతల పురుగు పిల్ల! పేనుబంకను తినే మన జీతం లేని జీతగాడు. పెద్దయితే ఎర్రగా, నల్ల చుక్కలతో గుండ్రంగా అయితది, అప్పుడు అందరూ గుర్తుపడతరు. పిల్లగా ఉన్నప్పుడే చంపుతరు. అందుకే ఒక్క ఫొటోతో నిర్ణయించొద్దు. పైనుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, అది కూసున్న ఆకు మొత్తం కనిపించేటట్టు ఒకటి, మూడు తీయండి. లెన్స్ చెప్పిన పేరును యూట్యూబ్‌లో తెలుగులో వెతికి, దాని పిల్ల ఎట్లుంటదో, పెద్దది ఎట్లుంటదో చూసి పోల్చండి. అప్పటికీ తేలకపోతే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి కొట్టండి, ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా తెలుగులోనే మాట్లాడతరు. అప్పటిదాకా డబ్బా భుజానికి ఎత్తకండి.